రాయమల్లు పేరు మీద

10 ఆగస్టు 2025, బెల్లంపల్లి

మూతబడిన పాత బాయి దగ్గర యూనియన్ వాళ్లు రాతి ఫలకం పెడుతున్నారు. బొగ్గుబాయిలో ప్రాణాలు పోయినవాళ్ల పేర్లన్నీ చెక్కిస్తారట. బాపు పొద్దున్నే పోయి మా తాత పేరు ఇచ్చి వచ్చాడు. సాంబయ్య, 1964, కప్పు కూలి. రుజువు తెమ్మన్నారట. బాపు చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు తనకు అయిదేళ్లు. “శవం మీద పడి ఏడ్సిన. గంతకంటే రుజువేం గావాలె?” అన్నాడు.

నేను కాలేజీలో హిస్టరీ చెబుతాను. వెతుకుతానన్నాను.

14 ఆగస్టు

ఆ ఏడాది ప్రమాదాల రికార్డు జిరాక్స్ దొరికింది. అందులో సాంబయ్య లేడు. తాత పోయిన రోజున ఆ బాయిలో కప్పు కూలి పోయింది ఒక్కడే. ఆడెపు రాయమల్లు, మెట్‌పల్లి.

15 ఆగస్టు, రాత్రి

బాపుకు చెప్పాను. అన్నం సగంలో లేచాడు.

19 ఆగస్టు

లచ్చయ్య తాత దగ్గరికి పోయాను. మా తాతతో కలిసి బాయి దిగినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. రాయమల్లు ఎవరని అడిగాను.

“మీ తాతనే, బిడ్డా. మారుపేరు.”

అసలు రాయమల్లు సాలెలాయన, మగ్గం మనిషి. పని దొరికింది కానీ బాయిలోకి దిగాలంటే భయం. కొన్నాళ్లు చేసి, భివండి బట్టల మిల్లుకు పోతున్నానని వెళ్లిపోయాడట. ఆ పేరు మీద మా తాత పనికెక్కాడు. అప్పట్లో అలా చాలామంది ఎక్కేవాళ్లట. ఆ పేరు మీదే చచ్చాడు.

ఇంటికొచ్చి చెబితే బాపు మొహం విప్పారింది. నేను ఏడ్చాను. ఎందుకో అర్థం కాలేదు.

24 ఆగస్టు

యూనియన్ వాళ్లకు లచ్చయ్య తాత మాట చాలదట. చనిపోయింది తమవాడు కాదని రాయమల్లు ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. మెట్‌పల్లి పద్మశాలి సంఘంలో ఫోన్ నంబర్ దొరికింది. ఒక్కతే కూతురు, బుచ్చవ్వ. సంతకం ఆమెనే అడగాలి.

31 ఆగస్టు, బస్సులో

నేను పోయేసరికి బుచ్చవ్వ బీడీలు చుడుతోంది. నాకు పీట వేసి, చాయ్ పెట్టి, వాళ్ల బాపు గురించి తనే చెప్పింది. తనకు ఎనిమిదేళ్లప్పుడు, బాపు పోయాడని కంపెనీ నుంచి కార్డు వచ్చిందట. వాళ్లవ్వ, అంటే వాళ్లమ్మ, బెల్లంపల్లికి పోయేసరికి దహనం అయిపోయింది. కాటి దగ్గర వేరే ఆడామె ఎవరో ఏడుస్తుంటే, పాపం ఎవరి కోసమో అనుకుని తిరిగి వచ్చిందట.

ఆ ఆడామె మా నానమ్మ. శంకరవ్వ.

వాళ్లవ్వకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. మళ్లీ బొట్టు పెట్టుకోలేదు. సంబంధాలు వచ్చినా, పెనిమిటి పిల్ల కోసం ప్రాణమిచ్చిండు, నేను ఇంకొకని ఇంటికి ఎట్ల పోత అనేదట.

అప్పుడే లేచి రావాల్సింది. సంతకం కాగితం బయటికి తీశాను. అంతా చెప్పాను.

ఆమె బీడీ ఆకు కత్తిరించడం ఆపలేదు. తలెత్తకుండానే అడిగింది.

“అంటె మా బాపు సావలే.”

అవునన్నాను.

“బతికుండే రాలే.”

కత్తెర పక్కన పెట్టి వేలిముద్ర వేసింది. బస్టాండు దాకా మనవణ్ణి తోడు పంపింది. పొద్దుపోయింది, ఒక్కదానివి పోకు బిడ్డా అంది.

7 సెప్టెంబర్

ఫలకం మీద రాయమల్లు బదులు సాంబయ్య పేరు చెక్కారు. బాపు ఆ పేరు మీద పసుపు రాసి ఫొటో దిగాడు. నన్ను పిలిస్తే తలనొప్పి అన్నాను.

21 సెప్టెంబర్, పెత్రమాస

బాపు చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చి వచ్చాడు. మధ్యాహ్నం బుచ్చవ్వ కొడుకు ఫోన్ చేశాడు. ప్రతి ఏడూ వాళ్ల తాత పేరున ఇచ్చేవాళ్లట. ఈసారి బుచ్చవ్వ ఇవ్వనివ్వలేదట. సచ్చిండని ఎవలు జెప్పిండ్రు అంటోందట. పొద్దటి నుంచి గడపలో కూర్చుని లేవడం లేదు, మీరన్నా ఒక మాట చెప్పుండ్రి మేడం అని ఫోన్ ఆమెకిచ్చాడు.

ఆమె ఊపిరి వినిపించింది. నేను ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.