పొడుగు లైను

క్లామత్ నది ఒడ్డు
అక్టోబరు 2009, సోమవారం

సన్నీవేల్‌లో మొహం ముడుచుకుని కూర్చున్న శేషగిరి గారికి,

క్షేమంగా చేరాను. కారు నేనే డ్రైవ్ చేశాను. మధ్యలో ఆగి, కట్టుకొచ్చిన పులిహోర తిన్నాను. ఇక్కడ సెల్‌ఫోన్ పలకదు. పలికినా చేసేదాన్ని కాదు. ఫోన్‌లో అయితే సగం చెప్పేసరికి మీరు "సరే సరే, రెస్ట్ తీసుకో" అంటారు. ఉత్తరానికి అడ్డు తగల్లేరు కదా, అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదవండి.

స్ట్రోక్ తర్వాత నేను మొదటిసారి చేపల వేటకి నదిలో దిగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నాకెలా ఉందో మాత్రం మీరు అడగలేదు. ఎడమచేతి వేళ్లు నా మాట వినవని, తేలిగ్గా ఉంటుందని, ముందుభాగం పొట్టిగా, లావుగా ఉండే గాలంతాడు, అదే పొట్టి లైను, మీరే కొని నా రాడ్డుకి ఎక్కించారు. రెండు చేతులతో పట్టే అంత పెద్ద సామన్ చేపల రాడ్డుతో కూడా పొట్టి లైను విసరడం సులువే, కాదనను. కానీ దాని వెనక దూరంగా పోయిన సన్నతాడంతా వేళ్లతో మూరమూరా లాక్కుంటేగాని మళ్లీ విసరలేం. ఆ వేళ్లే కదా నాకు లేనివి! అందుకని నేను విసరడం, మీరు నా మోచేతి పక్కన నిలబడి లాగడం. చంటిపిల్లకి గోరుముద్దలు పెట్టినట్టు. చేప పడగానే రాడ్డు మీరే అందుకున్నారు, మీరే ఒడ్డుకి తెచ్చారు, నలుగురిలో "విద్య పట్టింది" అని చాటారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ముప్పై ఏళ్లు పసిపిల్లల డాక్టరుగా పనిచేసినదాన్ని, ఇంజెక్షన్ చేయించుకున్న పిల్లకి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో నాకు తెలీదా? ఆ రాత్రి మీరు నిద్రపోయాక ఏడ్చాను.

మనం చేపను తినం, పట్టి వదిలేస్తాం. "తినని చేప కోసం చన్నీళ్లలో నిలబడడం ఏం చోద్యమే" అని మీ అమ్మగారు ముక్కున వేలేసుకునేవారు. నాకు కావలసిందల్లా ఆ లాగుడు నా చేతికి తెలియడం. అది కూడా మీరే తీసుకున్నారు.

అందుకే నిన్న దారిలో షాపులో ఆగి పొడుగు లైను కొన్నాను. షాపతను మర్యాదగానే వద్దన్నాడు. ఆరితేరినవాళ్లకే లొంగదని, నా పరిస్థితికి పొట్టిదే మంచిదని మీలాగే చెప్పాడు. జాలి పడ్డవాళ్లంతా నా చేతికి పొట్టి లైనే ఇస్తారు. ఇది మీ ఇద్దరికీ ఎందుకు తట్టలేదో నాకు తెలీదు: పొడుగు లైను నీళ్లమీద ఎంత ఉందో అంతా ఒక్కసారే లేపి, పక్కకి తిప్పి, మళ్లీ విసరొచ్చు. లాక్కోవడమే ఉండదు. వేళ్లకి పనే లేదు. నిజమే, చాలా కష్టం. తొందరపడితే అంతా కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. కష్టమైనది నేర్చుకోవచ్చు. పోయిన వేళ్లని ఎక్కణ్నుంచి తెచ్చుకోను?

ఆదివారం దాకా చూస్తాను. చేతకాకపోతే రాడ్డు అమ్మేస్తాను. చేతనైతే ఒక్కదాన్నే వేటకి వెళ్తాను, ఇక మీతో కలిసి నదిలో దిగను. ఏదైనా సరే, మీరు ఇక్కడికి రావద్దు. నా మీద ఒట్టు.

మొండిఘటం,
విద్య

శుక్రవారం

శేషగిరి గారికి,

వచ్చింది! రెండు రోజులు లైను సేమియా ముద్దలా కాళ్ల దగ్గరే పడింది. నన్ను నేను నానా తిట్లూ తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, తప్పు ఎడమచేతిది కాదు, కుడిచేతిది. అది అత్యుత్సాహంతో నెట్టేస్తోంది. దాన్ని ఊరుకోబెట్టి, రాడ్డు అడుగుభాగాన్ని ఎడమ అరచేతికి వెల్‌క్రో పట్టీతో బిగించి, ముంజేత్తో పొట్టవైపు లాగాను. బుధవారం సాయంత్రం లైను నది మీద చాపలా పరుచుకుంది.

నిన్న స్టీల్‌హెడ్ చేప పడింది. తాడు చుట్టే రీలు కుడిచేత్తో తిప్పేలా మార్చుకున్నాను కాబట్టి నేనే తెచ్చాను, నేనే వదిలాను. ఒడ్డున పురుగైనా లేదు. చప్పట్లు లేవు. ఎంత హాయిగా ఉందో! ఏ ఇబ్బందీ కలగలేదు, కంగారుపడకండి.

ఇంకో వారం ఉంటాను. నా నిర్ణయం మాత్రం మారలేదు. కోపంతో కాదు. నేను తడబడితే మీ చేతులు ఊరుకోవు, అంతే.

విద్య

సన్నీవేల్
మంగళవారం

విద్యా,

రెండో ఉత్తరంలో అబద్ధం రాశావు. గురువారం నువ్వు పడ్డావు.

మొదటి ఉత్తరం బుధవారం అందింది. నువ్వు ఒట్టు పెట్టినా ఉండలేక తెల్లారకముందే బయల్దేరాను. వంతెన మీద కారాపి చూశాను. నీ లైను అవతలి ఒడ్డు దాకా వెళ్లింది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అంత దూరం విసరలేదు. తర్వాత రాయి మీద కాలు జారి నడుము లోతు నీళ్లలో పడ్డావు. నీ టోపీ కొట్టుకుపోయింది. నేను వంతెన దిగి ఒడ్డు వాలులో సగం దాకా పరుగెత్తాను. అక్కడ ఒక చెట్టుకొమ్మ దొరికితే పట్టుకుని నిలబడ్డాను. ఆ పట్టు వదిలితే నీళ్లలోకి దిగేసేవాణ్ని. నువ్వు మోకాళ్ల మీద లేచావు. ముందు రాడ్డు విరిగిందేమో చూసుకున్నావు. మళ్లీ విసిరావు. అప్పుడు పడింది నీ చేప. అది ఒడ్డుకి వచ్చి, నువ్వు దాన్ని వదిలేదాకా అలాగే ఉన్నాను. నిన్ను పిలవకుండా వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

నా చేతులు ఊరుకోవని రాశావు. ఊరుకున్నాయి విద్యా. అరచేతుల్లో గీసుకుపోయినచోట ఇంకా మండుతోంది.

నువ్వు రమ్మంటేనే వస్తాను.

శేషగిరి

క్లామత్ నది ఒడ్డు
గురువారం

ఏమండీ,

ఈ ఉత్తరం అందగానే రండి. వచ్చేటప్పుడు నాకొక టోపీ తెండి.

మీ విద్య