వాలు మీద సభ

మేత భూములు చూసే మేడమ్ గారికి, గొర్రెలు కాచుకునేవాడి నమస్కారాలు.

నిరుడు మీరు హాల్లో పెట్టిన సభలో, "ఏడాదిపాటు కొండవాలు మీద మేపొద్దంటే మా గొర్రెలు గాలి తిని బతకాలా?" అని లేచి అరిచింది నేనే. నా వెనకాలే జనమంతా లేచి వెళ్లిపోయారు.

ఇంటికెళ్తే మా ఆవిడ, "ఆ అమ్మాయి చెప్పింది పూర్తిగా విన్నావా?" అంది. లేదన్నాను. మర్నాడే మా వాలుకి తనే కంచె కట్టేసింది. వారం రోజులు సణుగుతూనే తిరిగాను నేను. ఏడాదంతా మందని కింది బీడులోనే తిప్పాం.

మొన్న కంచె తీశాం, మేడమ్. గడ్డి మోకాళ్ల దాకా ఉంది! గొర్రెలు తలెత్తితే ఒట్టు. పక్కవాళ్ల వాలు మాత్రం బోడిగుండే. రోజూ ఎవరో ఒకరొచ్చి "ఏం చేశావురా?" అని అడుగుతున్నారు.

జనం రావట్లేదని మీరు సభలు మానేస్తున్నారట. మానకండి. ఈసారి మా వాలు మీదే పెట్టండి, జనాన్ని తెచ్చే పూచీ నాది.

ఒక్క మనవి. ముందు నన్ను మాట్లాడనివ్వండి. ఆ రోజు అరిచి తప్పు చేశానని అందరి ముందూ చెప్పాలి. రోజూ గొర్రెల ముందు చెప్పి చూసుకుంటున్నాను, వాటి ముందే మాట తడబడుతోంది. మీరు పక్కన నిలబడితే చెప్పేస్తాను.