ఎస్తేరు లెక్కలో బదలు రోజులు

బిక్షమక్కా,

ఇక్కడ దేవరకొండలో నీ బిడ్డ మంచిగా తింటోంది, ఫికర్ చేయకు. ఫోన్‌లో సగం వినకుండానే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. గుణకారాలు నోటితో చెప్పే ఎస్తేరు, కథలాగా ఇచ్చిన లెక్కలు మాత్రం తప్పు చేస్తోంది. ముగ్గురు ఒక చేన్లో కలుపు నాలుగు రోజుల్లో తీస్తే, ఆరుగురు ఎన్ని రోజుల్లో తీస్తారంటే పన్నెండని రాసింది. ఎట్లా వచ్చిందో చెప్పమన్నాను.

"రెండు రోజుల్ల అయిపోతది చిన్నమ్మా. గని అమ్మను తీసేస్తే, మన చేనుకొచ్చిన అయిదుగురి చేన్లకు మనం తిరిగి రెండేసి రోజులు బదలు పోవాలె గద. రెండు, పది కలిపితే పన్నెండు."

ఇంత ఆలోచించిన పిల్లను ఏమని దిద్దను? "గీ లెక్కల ఉన్నోళ్లు కూలికొచ్చిన్రు బిడ్డా, బదలుకు కాదు" అన్నాను. ఇప్పుడు ముందు లెక్కలో ఏముందో నాకు కథ చెప్పి, తర్వాత చేస్తోంది. ఇక తప్పులు రావడం లేదు.

బాపును కంటి దవాఖానకు తీసుకెళ్లావా? కొత్త కందిపప్పు కొంచెం దాచు. అవ్వకు నా దండాలు.

నిన్న తనే ఒక లెక్క నాకిచ్చింది: "అమ్మ ఇంకా ఏడుగురికి బదలు తీర్చాలె. నన్ను చూడ ఎన్నడొస్తది?"

నాకు రాలేదక్కా. జవాబు నువ్వే వచ్చి చెప్పు.

నీ చెల్లె స్వర్ణ