ట్యాంకుల క్యాసెట్టు

అనకాపల్లి,
12-9-2006

నక్కపల్లి దేవీప్రసాద్ గారికి వందనాలు.

మే నెలలో మీ దగ్గరున్న వీడియో గేమ్ క్యాసెట్టు తీసుకుని, బదులుగా మా యుద్ధ ట్యాంకుల ఆట క్యాసెట్టు మీ పాప ఇందుకి ఇచ్చింది నేనే. అట్టపెట్టె మీద అచ్చేసిన ముప్ఫై గేముల పేర్లూ పోగెయ్యాలని నా పట్టు; అప్పటికి మీ దగ్గరున్నదొక్కటే తక్కువ. ట్యాంకులవి రెండుండేవి కాబట్టి, ఆడి ఆడి గీతలు పడినది మీకిచ్చి కొత్తది బీరువాలో పెట్టాను.

ఆడింది మా తమ్ముడు రూఫస్. ఆ రోజు కూడా ఆడుతూనే ఉన్నాడు. "ఈ స్టేజీ అయిపోనీ అన్నయ్యా, పది నిమిషాలాగు" అన్నాడు. మీ ఊరి బస్సు పోతుందని క్యాసెట్టు లాగేశాను. కొత్తదే కాదు, మిగతావి కూడా అరిగిపోతాయని ఎప్పుడూ ముట్టనివ్వలేదు.

ఆగస్టులో జ్వరం వచ్చి వాడు పోయాడు. వాడి కోసం ఇంట్లో ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక ముప్ఫై క్యాసెట్లూ ముందేసుకుని చూస్తే, వాడు ఆడింది వాటిలో ఒక్కటీ లేదు.

ఆ పాతది తిరిగి ఇప్పించండి. బదులుగా ముప్ఫై తెమ్మన్నా తెస్తాను. ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. ఆ వేళకి ఇందు ఆడుతూ ఉంటే మాత్రం ఆపకండి. స్టేజీ అయ్యేదాకా అరుగు మీద కూర్చుంటాను.

ఇట్లు,
రూఫస్ వాళ్ళ అన్నయ్య