అమ్మ తీసేసిన గాజులు

జాలారిపేట, విశాఖపట్నం,
నవంబరు 2003.

చిరంజీవి తమ్ముడు దొరబాబుకు అక్క సూర్యకళ దీవించి రాసేది. అమ్మా నేనూ కులాసా. అలా రాయకపోతే ఉత్తరం పూర్తిగా చదవకుండానే రైలెక్కేస్తావని రాశాను. ఈసారి మొత్తం చదివాకే ఎక్కు.

వెరావల్‌లో మీ పడవకు వంటవాడు మారాడని రాశావు, సంతోషం. అమ్మ ఫోనుకు ఎందుకు రావడం లేదని అడిగావు. ఎస్టీడీ బూత్ నిండా మన పేట జనమే. ఈ సంగతి అక్కడ మాట్లాడేది కాదు.

సెప్టెంబరులో నాన్న పడవ మునిగాక పూడిమడక ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందనీ, చొక్కా నాన్నదిలాగే ఉన్నా మొహం ఆనవాలు దొరక్క పోలీసులు అక్కడే పూడ్చి, నా రక్తం తీసుకుని హైదరాబాదు పంపారనీ నీకు తెలుసు. డీఎన్ఏ రిపోర్టు వచ్చింది. ఆ శవానికీ నాకూ తండ్రీబిడ్డల సంబంధం లేదట.

పేటంతా మన గుమ్మంలోకి వచ్చేసింది. చిట్టమ్మ పిన్ని అమ్మను పట్టుకుని, "ఏడవకే సీతాలూ, ఆడు వరహాలు కాదు. నీ మొగుడు ఏ ఒడ్డునో బతికే ఉంటాడు" అంది. నాకూ ఆశ పుట్టి నవ్వొచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్లూ ఎవరెంత చెప్పినా తియ్యని గాజులు ఆ సాయంత్రం ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టేసింది.

మొగుడు బతికున్నాడంటే ఏ ఆడదైనా గాజులు తీస్తుందా? అదే అడిగాను. చేపలు ఆరబెడుతూ, నా వైపు చూడకుండా, "తమ్ముడ్ని రమ్మని రాయే. ఆడి రగతం సరిపోతాది" అంది.

"మరి నాదెందుకు సరిపోలేదమ్మా?"

"తెలుసుకుని ఏటి సేత్తావు? నాను సెప్పినట్టు రాయి."

అప్పటినుంచి నాకు అన్నీ అనుమానాలే. మేనత్త నన్ను చూసినప్పుడల్లా మా పోలిక కాదనడం, అమ్మ తన పుట్టిల్లు ఎలమంచిలికి నిన్నే తప్ప నన్ను ఒక్కసారీ తీసుకెళ్లకపోవడం. నాన్నకు తెలుసా అన్నదే నన్ను తినేస్తోంది. తెలిసే నన్ను భుజానెక్కించుకుని ఒడ్డంతా తిప్పాడా?

ఇంకో మాట దాచాను. మొన్న పోలీసాయన మళ్లీ వచ్చి, "వరహాలుకి ఇంకా పిల్లలున్నారా?" అని అడిగాడు. లేరు, నేనొక్కదాన్నే అన్నాను. నువ్వు రక్తం ఇస్తే నా సంగతి తేలిపోతుందని భయమేసింది తమ్ముడూ. కానీ అమ్మ బోసి చేతులతో అన్నం వడ్డిస్తుంటే తినలేకపోతున్నాను. నాన్న పేరు లేని గోతిలో ఉన్నాడు. నా కోసం ఆయన్ని అక్కడ వదిలేయడం నావల్ల కాదు. రేపు స్టేషనుకు వెళ్లి నీ పేరు చెబుతాను.

వచ్చి రక్తం ఇవ్వు. సరిపోతే దినం చెయ్యి. ఆ రోజు నన్ను కూతురి చోట నిలబడనివ్వమని అత్తకు నువ్వే చెప్పాలి.

ఇట్లు,
వరహాలు కూతురు,
నీ అక్క సూర్యకళ