ఫోనుకు మలుపు కనపడదు

ఊరిగాం,
12 ఆగస్టు 2009

చిరంజీవి హనుమప్పకు మీ అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను బాగున్నాను, కాలి వాపు తగ్గింది. నువ్వు వేళకు లారీ దిగి తింటున్నావని తలచుకుని ధైర్యంగా ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. నీళ్ళ సంగతి అడిగావు. కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తోంది, నాకొక్కదానికి చాలు. ఏసురత్నం మామ ఇప్పుడు కర్ర లేకుండానే చర్చికి నడిచి వెళ్తున్నాడు. పోయిన సోమవారం కురుడుమలె గుడికి వెళ్ళి నీ పేరు మీద టెంకాయ కొట్టించాను.

"ఫోను చేస్తే సగంలో పెట్టేస్తావు, నా మీద కోపమా?" అని రాశావు. కోపం కాదప్పా. నీ మాట వెనక ఇంజను మోత వినిపిస్తే వెంటనే పెట్టేస్తాను. అది ఎందుకన్నది రెండేళ్ళుగా నీకు చెప్పలేకపోయాను.

మీ నాయన టమాటా టెంపో తమక ఊరి దగ్గర నిలబడి ఉన్న ట్రాక్టరును గుద్దింది బ్రేకు పట్టక కాదు. అది నా కోసం ఏసురత్నం చెప్పిన అబద్ధం. ఆ మధ్యాహ్నం మీ నాయన నాతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

రేషను కార్డు కనబడలేదని నేనే ఫోను చేశాను. "ఇనప పెట్టెలో చూడు" అన్నాడు. లేదన్నాను. "బీరువా పైన?" అక్కడా లేదన్నాను. "ఉండు మే, యోచన చేస్తాండా" అన్నాడు. అంతలో పెద్ద చప్పుడు. బండి గుంతలో పడితే ఫోను చెయ్యి జారిందనుకున్నాను.

"ఏమయ్యా, ఉండావా?" అన్నాను.

కాసేపటికి మెల్లగా, "మా నాయన ఫోటో ఎనక చూడు" అని వినిపించింది. చూశాను. కార్డు అక్కడే ఉంది. "దొరికిందిలే!" అని సంతోషంగా పెట్టేశాను.

ఆయన పక్కనే కూర్చున్న ఏసురత్నం ఆసుపత్రిలో నాతో అన్నాడు: "కండ్లు రోడ్డు మీదనే ఉండాయక్కా. ట్రాక్టరు వైపే చూస్తా ఉన్నాడు, కానీ అది ఆయనకి కనబడలేదు. నేనైతే పక్కన కూచుని ఉంటా, మలుపొస్తే నోరు మూసుకుంటా. ఫోనులో ఉండేవాళ్ళకి మలుపు కనపడదు కదా."

చప్పుడైనాక కూడా కార్డు ఎక్కడుందో ఆయనే చెప్పాడన్నాను. వాడి ముఖం పాలిపోయింది. "ఏసు మీద ఆన అక్కా, గుద్దినాక ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడే పోయినాడు."

ఫోనులో విన్న ఆ మాట ఎవరిదో నాకు తెలియదు. గొంతు మాత్రం ఆయనదే. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ ఘడియలో ఆయన ఆ రోడ్డు మీద లేడు. నేను పిలిచి ఈ ఇంట్లోకి తెచ్చుకున్నాను, గది గదీ వెతికించాను. ఇప్పటికీ మధ్యాహ్నం వేళ ఇనప పెట్టె మూత కదిలిన చప్పుడవుతుంది. నేను లేచి చూడను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. కానీ లారీ పక్కకు ఆపి, తాళం చెవి తీసి చేతిలో పట్టుకుని తిట్టు. నడుపుతూ నాతో మాట్లాడావంటే నువ్వూ ఇక్కడికే వచ్చేస్తావు నాయనా. ఈ ఇంట్లో అలా తిరిగేవాడు ఒక్కడు చాలు.

ఇట్లు,
నీ క్షేమమే కోరే అమ్మ,
మునివెంకటమ్మ