వరండాలో సమ్మె డ్రమ్ము

జూన్ 3
కంకిపాడు పాల ప్లాంటును హైదరాబాదు కంపెనీ కొనేస్తోందట. వాళ్ళొస్తే అందరం కాంట్రాక్టు కిందికే. సమ్మె తప్పదు. మరి సమ్మెలో తినేదేమిటి? లోడింగు మస్తాన్ బాబాయి తేల్చేశాడు — "డబ్బు దాస్తే చేబదులు అడుగుతారమ్మాయ్. బియ్యం దాద్దాం." ఎసట్లో పోసే ముందు ప్రతి ఇంట్లో గుప్పెడు పక్కన పెట్టాలి. డ్రమ్ము బాబాయి వరండాలో.

జూన్ 11
ప్యాకింగులో నా పక్క మెషీను శ్రీను అన్నది. అందరూ గుప్పెడు తెస్తే తను రెండు తెస్తున్నాడు. "వదిన కొడుతుందేమో!" అన్నాను.
"కొట్టినా తెస్తా."

జూన్ 19
డ్రమ్ములో చేయి పెడితే మోచేతి దాకా దిగుతోంది. ఎంత ధైర్యమో.

జూన్ 26
మధ్యాహ్నం గేటు ముందే వండి చూశాం... బుద్ధి లేదు మాకు. కొత్తవి, పాతవి, రేషన్‌వి, అన్నీ ఒకే డ్రమ్ములో పోశాం. సగం ముద్ద, సగం పలుకు. మేనేజరు వచ్చి చూసి నవ్వాడు. "అచ్చం మీ యూనియన్ లాగే ఉందయ్యా."
నవ్వుకో. మళ్ళీ పెట్టించుకుని అతని ఎదుటే తిన్నాను.

జూలై 1
ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. సమ్మెలో చేరనని సంతకం పెడితే పర్మినెంటుగా ఉంచుతారట. "తెలివైనదానివి, ఆలోచించుకో" అన్నాడు మేనేజరు.
"ఆలోచించే వచ్చానండీ." పెన్ను ముట్టుకోలేదు.
శ్రీను అన్న సంతకం పెట్టేశాడు.

జూలై 4
సంచీ పట్టుకుని వచ్చాడు శ్రీను అన్న, బాబాయి వరండాలోకి. నా మొహం చూడడు. "నా బియ్యం నాకిచ్చెయ్యి బాబాయ్. ఇంట్లో అడుగుతున్నారు."
ఒళ్ళు మండిపోయింది. మూత లాగి పడేశాను. "ఏరుకో. నీ గింజలేవో నువ్వే ఏరుకో!"
"ఊరుకోవే" — బాబాయి.
శ్రీను అన్న చేయి పెట్టాడు. మోచేతి దాకా. అలాగే ఉండిపోయాడు... తర్వాత ఖాళీ సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

జూలై 5
సమ్మె. గేటు ముందు పొయ్యి. లోపల ఒక్క మెషీనే తిరుగుతోంది. ఆ చప్పుడు నాకు తెలుసు.
అన్నం దించాం. ఇవాళా పలుకే. ఒక్కళ్ళూ వంక పెట్టలేదు.
అందరికీ వడ్డించాక బాబాయి ఒక ప్లేటు నింపి గేటు పక్క గోడ మీద పెట్టాడు, మూత వేసి. "ఎవరికి?" అన్నాను. గరిటె కడగడానికి వెళ్ళిపోయాడు.
నేనైతే పెట్టను. చచ్చినా పెట్టను.
తీసేయనూ లేదు.
మెషీను ఆగింది. భోజనం బెల్లు ఇంకా కొట్టలేదు —